ఉత్తర ధ్రువం మీద మొదట ఎగిరింది ఎవరు?

1926 మే నెలలో, నార్వేకు బాగా ఉత్తరాన ఉన్న స్వాల్‌బార్డ్ దీవుల్లో, కింగ్స్ బే అనే చిన్న బొగ్గుగనుల ఊరి నుంచి రెండు బృందాలు రెండు రోజుల తేడాతో ఉత్తర ధ్రువానికి గాలిలో బయల్దేరాయి. మే 9న అమెరికా నౌకాదళ అధికారి రిచర్డ్ బర్డ్, పైలట్ ఫ్లాయిడ్ బెనెట్ మూడు ఇంజన్ల ఫోకర్ విమానంలో వెళ్ళారు. పదిహేనున్నర గంటల తర్వాత తిరిగొచ్చి, ధ్రువాన్ని చుట్టి వచ్చామని ప్రకటించారు. మే 11న నార్వే అన్వేషకుడు అముండ్‌సెన్, అమెరికన్ లింకన్ ఎల్స్‌వర్త్, ఇటలీ ఇంజనీరు నోబిలే 'నోర్గే' అనే ఎయిర్‌షిప్‌లో, అంటే గాలికంటే తేలికైన వాయువుతో తేలే ఓడలో, బయల్దేరారు. మర్నాడు తెల్లవారుజామున ధ్రువాన్ని దాటి, మే 14న అలాస్కాలో దిగారు.

చాలా దశాబ్దాల పాటు పుస్తకాలన్నీ బర్డ్‌నే మొదటివాడిగా రాశాయి. ఇప్పుడు ఎక్కువమంది చరిత్రకారులు ఆ స్థానాన్ని నోర్గేకు ఇస్తున్నారు. ఈ మధ్యలో మంచు కింద నుంచి కొత్త ఆధారమేమీ బయటపడలేదు. మారిందల్లా పాత లెక్కల మీద నమ్మకం. ఎందుకు మారిందో అర్థం కావాలంటే, ఆ రోజుల్లో ధ్రువం మీదికి వెళ్ళినవాడికి తాను ధ్రువం మీదే ఉన్నానని ఎలా తెలిసేదో ముందు చూడాలి. ధైర్యసాహసాల కథలు అందరూ చెబుతారు. ఈ లెక్కల కథ మాత్రం ఎప్పుడూ పక్కకు పోతుంది. నాకు అదే అసలు కథ అనిపిస్తుంది.

ఆ ఊరు మనకు మరీ పరాయిదేమీ కాదు. కింగ్స్ బేని ఇప్పుడు న్యూ ఓలెసుండ్ అంటున్నారు. గనులు మూతపడి పరిశోధన కేంద్రాల ఊరైంది. భారతదేశపు ఆర్కిటిక్ కేంద్రం 'హిమాద్రి' 2008 నుంచి అక్కడే నడుస్తోంది. నోర్గేను కట్టేసిన ఎత్తైన ఇనుప స్తంభం ఊరి పక్కన ఇప్పటికీ నిలిచే ఉంది.

దిక్సూచి చేతులెత్తేసే చోటు

భూమికి ఉత్తర ధ్రువం ఒకటి, అయస్కాంత ఉత్తర ధ్రువం మరొకటి. 1831లో జేమ్స్ క్లార్క్ రాస్ అయస్కాంత ధ్రువాన్ని కనుక్కున్నది కెనడా ఉత్తర కొసన, సుమారు 70 డిగ్రీల అక్షాంశం దగ్గర. 1926 నాటికీ అది ఆ ప్రాంతంలోనే, అసలు ధ్రువానికి రెండు వేల కిలోమీటర్ల దూరంలో ఉంది. అంటే ఉత్తర ధ్రువం మీద నిలబడినవాడి దిక్సూచి కెనడా వైపు, అంటే దక్షిణానికి చూపిస్తుంది. ధ్రువానికి దగ్గరవుతున్న కొద్దీ సూదికీ అసలు ఉత్తరానికీ ఉన్న తేడా త్వరత్వరగా మారిపోతుంది. అయస్కాంత శక్తి దాదాపుగా నేలలోకి లాగుతుంది కాబట్టి సూదిని అడ్డంగా తిప్పే బలం తక్కువ. విమానం వంపు తిరిగితే చాలు, సూది మందకొడిగా ఊగుతూ ఎక్కడో ఆగుతుంది. ఆ సముద్రం మీద తేడా ఎంతో కొలిచిన పటాలు కూడా అప్పటికి లేవు.

అందుకే సూర్యుడిని పట్టుకున్నారు. వేసవిలో అక్కడ సూర్యుడు అస్తమించడు. క్షితిజం చుట్టూ గంటకు 15 డిగ్రీల చొప్పున తిరుగుతూ ఉంటాడు. 24 గంటలకు ఒక చుట్టు తిరిగే గడియారానికి నీడ పడే పుల్లను అమర్చి, ఆ నీడ గడియారపు ముల్లు మీదే పడేలా విమానాన్ని నడిపితే దిశ తప్పదు. నేషనల్ జియోగ్రాఫిక్ సొసైటీలో పటాలు గీసే ఆల్బర్ట్ బంస్టెడ్ తయారుచేసిన అలాంటి సూర్య దిక్సూచినే బర్డ్ వెంట తీసుకెళ్ళాడు. ఆ కాలానికి అది ఎంతో తెలివైన పరికరం.

అయితే అది విమానం ముక్కు ఎటు చూస్తోందో మాత్రమే చెబుతుంది. విమానం ఎటు పోతోందో చెప్పదు. పక్క నుంచి గంటకు 20 కిలోమీటర్ల గాలి వీస్తే, ఎనిమిది గంటల్లో విమానం 160 కిలోమీటర్లు పక్కకు కొట్టుకుపోతుంది, ముక్కు మాత్రం ఉత్తరానికే ఉంటుంది. ఆ కొట్టుకుపోవడాన్ని కిందనున్న మంచు మీద ఏదో ఒక గుర్తు చూసి కొలుచుకోవాలి.

ఎంత దూరం వచ్చామో తేల్చడానికి సెక్స్టెంట్ ఉంది. దాంతో సూర్యుడు క్షితిజానికి ఎన్ని డిగ్రీల పైన ఉన్నాడో కొలుస్తారు. ధ్రువం మీద ఒక చక్కని సౌలభ్యం ఉంది: ఆ రోజు సూర్యుడు భూమధ్యరేఖకు ఎన్ని డిగ్రీల ఉత్తరాన ఉన్నాడో, ధ్రువం నుంచి చూస్తే సరిగ్గా అంతే ఎత్తులో కనిపిస్తాడు, రోజంతా దాదాపు అదే ఎత్తులో తిరుగుతాడు. మే 9న అది 17 డిగ్రీల పైచిలుకు. ఆ అంకె వస్తే ధ్రువం వచ్చినట్టేనా? రాలేదు కూడా కావచ్చు. సూర్యుడి ఎత్తును ఒకసారి కొలిస్తే దొరికేది పటం మీద ఒక గీత. మనం ఆ గీత మీద ఎక్కడో ఉన్నామని అర్థం. ఎక్కడున్నామో తేలాలంటే దాన్ని ఖండించే రెండో గీత కావాలి. ఓడలో రాత్రి రెండు నక్షత్రాలు చూసుకుంటారు. ధ్రువపు పగటిలో నక్షత్రాలు కనిపించవు, ఉన్నది ఒక్క సూర్యుడే. రెండో గీత కోసం సూర్యుడు ఆకాశంలో మరో వైపుకు తిరిగేదాకా కొన్ని గంటలు అక్కడే కాచుకోవాలి. పెట్రోలు తక్కువగా ఉన్న విమానానికి ఆ వ్యవధి లేదు.

పైగా సెక్స్టెంట్ కొలతలో పావు డిగ్రీ తప్పు దొర్లితే దూరంలో 28 కిలోమీటర్ల తేడా. మూడు ఇంజన్ల మోతలో అదిరిపోతున్న గదిలో, సరైన క్షితిజం కనిపించకపోతే సెక్స్టెంట్‌లోని నీటిబుడగను చూసి తీసే కొలత అది. ధ్రువం దగ్గర గడ్డకట్టిన సముద్రం కదులుతూ ఉంటుంది కాబట్టి అక్కడ జెండా పాతినా, విసిరినా అది ఆ చోట ఉండదు. వెళ్ళొచ్చినవాడి దగ్గర మిగిలేది అతని నోట్‌బుక్ ఒక్కటే.

1925: మంచు మీద మూడున్నర వారాలు

ధ్రువ ప్రాంతంలో విమానం ఎగరడం 1914లోనే మొదలైంది. దారి తప్పిపోయిన రష్యా ధ్రువ అన్వేషకుడు సెదోవ్ బృందాన్ని వెతకడానికి రష్యా నౌకాదళం పంపిన పోలిష్ పైలట్ యాన్ నగూర్స్కి, నొవాయా జెమ్లియా తీరం వెంట ఫార్మన్ సీప్లేన్‌లో కొన్నిసార్లు ఎగిరాడు. తెరిచిన కాక్‌పిట్లో, ఆ చలిలో. ఆ వెతుకులాట ఫలించలేదు గాని, ఆర్కిటిక్‌లో విమానం పనికొస్తుందని మొదట చూపించింది అతనే.

ధ్రువం కోసమే విమానాలతో బయల్దేరిన మొదటి పెద్ద ప్రయత్నం అముండ్‌సెన్‌ది. 1911లో దక్షిణ ధ్రువాన్ని కుక్కల బండ్లతో మొదట చేరింది ఆయనే. 1925 నాటికి వయసు యాభై దాటింది, అప్పుల్లో ఉన్నాడు. ఎల్స్‌వర్త్ తండ్రి డబ్బు ఇచ్చాడు. రెండు డోర్నియర్ వాల్ విమానాలు కొన్నారు. నీటి మీదా మంచు మీదా దిగగలిగే పడవ పొట్ట వాటిది. జర్మన్ కంపెనీ విమానాలే అయినా ఇటలీలో తయారయ్యాయి, మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీలో విమానాల తయారీపై ఆంక్షలున్నాయి కాబట్టి. ఎన్-24, ఎన్-25 అని పేర్లు. మనుషులు ఆరుగురు.

మే 21న కింగ్స్ బే నుంచి లేచాయి. ఎనిమిది గంటలు ఎగిరేసరికి పెట్రోలు దాదాపు సగం అయిపోయింది. ఎక్కడున్నామో తేల్చుకుందామని మంచు మధ్య కనిపించిన నీటి పాయలోకి దిగబోయారు. పైనుంచి సున్నం పూసిన గచ్చులా కనిపించిన మంచు, కిందికి వచ్చాక మనిషి ఎత్తు దిబ్బలతో నిండి ఉంది. దిగుతూండగానే ఎన్-25 ఇంజన్లలో ఒకటి మొరాయించింది. కొన్ని కిలోమీటర్ల దూరంలో దిగిన ఎన్-24 దెబ్బతిని నీరు పట్టింది. లెక్క కడితే 87 డిగ్రీల 44 నిమిషాలు వచ్చింది, అంటే ధ్రువానికి ఇంకా 250 కిలోమీటర్లు.

రెండు బృందాలు ఒకచోటికి చేరడానికే అయిదు రోజులు పట్టింది. పల్చటి మంచు దాటుతూ బృందంలోని దీత్రిక్సన్, ఓమ్‌దల్ నీళ్ళలో పడిపోతే ఎల్స్‌వర్త్ పాకుతూ వెళ్ళి ఇద్దరినీ లాగాడు. ఆ తర్వాత ఒకటే పని: ఆరుగురూ ఒకే విమానంలో లేవడానికి రన్‌వే చదును చేయడం. సరైన పనిముట్లు లేవు. చెక్క పారలు, గొడ్డలి, కత్తులతో కొట్టారు. తిండి రోజుకు ఇంతని కొలిచి, తర్వాత అదీ తగ్గించారు. చదును చేసిన చోట మంచు చీలిపోవడం, విమానం నలిగిపోకుండా మరో చోటికి లాక్కుపోవడం, మళ్ళీ మొదటినుంచి కొట్టడం. వందల టన్నుల మంచు పక్కకు తీశారు. చివరికి కొట్టి తీయడం మానేసి, తాజాగా పడ్డ మంచును కాళ్ళతో తొక్కి గట్టిపరిచారు. జూన్ 15న పైలట్ రీసర్-లార్సెన్ ఆ కొద్ది నిడివిలోనే విమానాన్ని లేపాడు. ఇక చనిపోయారనుకున్న మనుషులు, పెట్రోలు అడుగంటుతుండగా స్వాల్‌బార్డ్ ఈశాన్య తీరాన దిగి, సీల్ వేట ఓడ ఎక్కి ఇంటికొచ్చారు. కొడుకు బతికొచ్చిన వార్త వినకుండానే, జూన్ మొదట్లోనే ఎల్స్‌వర్త్ తండ్రి చనిపోయాడు.

ధ్రువం అందలేదు కాబట్టి దీన్ని విఫల యాత్రల పద్దులో వేస్తారు. నాకు మాత్రం ఆ దశకంలోని ధ్రువ యాత్రలన్నిటిలోకీ ఇదే గొప్పది. ఆరుగురూ ప్రాణాలతో తిరిగొచ్చారు. పైగా ఒక నిజం తేల్చుకున్నారు: ఆ మంచు మీద విమానం దింపితే మళ్ళీ లేస్తుందన్న భరోసా లేదు. అందుకే మరుసటి ఏడు అముండ్‌సెన్ విమానాన్ని వదిలి ఎయిర్‌షిప్‌కు మారాడు. అది దిగనక్కర్లేదు, ఇంజన్ ఆగినా గాలిలో తేలుతుంది, మెల్లగా పోతుంది కాబట్టి కొలతలకు కావలసిన సమయం చిక్కుతుంది.

బర్డ్ నోట్‌బుక్

బర్డ్ విమానం పేరు జోసెఫిన్ ఫోర్డ్. యాత్రకు సాయం చేసిన ఎడ్సెల్ ఫోర్డ్ కూతురి పేరది. చక్రాలకు బదులు స్కీలు తగిలించారు. మొదటి ప్రయత్నాల్లో, పెట్రోలు బరువుకు స్కీలు విరిగిపోయాయి. అముండ్‌సెన్ బృందంలో ఉన్న నార్వే పైలట్ బెర్న్ట్ బాల్షెన్ పోటీ సంగతి పక్కనబెట్టి వాళ్ళకు సాయం చేశాడు: పడవ తెడ్ల చెక్కతో స్కీలను బలపరచమన్నాడు, అర్ధరాత్రి మంచు గట్టిపడ్డాక లేవమన్నాడు. అలాగే లేచారు.

బర్డ్ చెప్పినదాని ప్రకారం, వెళ్ళడానికి ఎనిమిదిన్నర గంటలు. ధ్రువం చేరబోతుండగా కుడి ఇంజన్ నుంచి నూనె కారుతున్నా ఆగలేదు. ధ్రువం దగ్గర చుట్టు తిరిగారు. తిరుగుముఖం పట్టాక సెక్స్టెంట్ బల్ల మీది నుంచి జారిపడి పాడైంది. తిరుగు ప్రయాణం దాదాపు ఏడు గంటలే. అమెరికాలో ఘన స్వాగతం, న్యూయార్క్ వీధుల్లో ఊరేగింపు, దేశపు అత్యున్నత సైనిక పతకం ఇద్దరికీ. నేషనల్ జియోగ్రాఫిక్ సొసైటీ నిపుణులు లెక్కలు చూసి సరేనన్నారు. ఆ యాత్రకు అండగా నిలిచిన సంస్థ కూడా అదే.

అనుమానం అంకెల దగ్గర మొదలవుతుంది. కింగ్స్ బే నుంచి ధ్రువానికి 1,230 కిలోమీటర్లు, రానూపోనూ 2,460. పదిహేనున్నర గంటల్లో అంటే సగటున గంటకు 160 కిలోమీటర్లు, తిరుగు ప్రయాణంలో 175కి పైనే. బరువైన స్కీలతో ఉన్న ఆ ఫోకర్ అంత వేగంగా పోగలదా? అదే విమానాన్ని తర్వాత బెనెట్‌తో కలిసి అమెరికా అంతా తిప్పిన బాల్షెన్, దాని మామూలు వేగం అంత లేదన్నాడు. గాలి వెనకనుంచి తోసిందని బర్డ్ పక్షం వాదించింది. స్వీడన్ వాతావరణ శాస్త్రవేత్త లిల్యెక్విస్ట్ 1960లో ఆనాటి వాతావరణ పటాలు తిరగేసి, అంత అనుకూలమైన గాలికి ఆధారం లేదన్నాడు.

1996లో బర్డ్ డైరీ వెలుగులోకి వచ్చింది. ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో భద్రపరిచిన ఆయన కాగితాల్లో ఉంది అది. ఇంజన్ మోతలో మాటలు వినపడవు కాబట్టి బెనెట్‌కు చెప్పాలనుకున్నవి కూడా అందులోనే రాసి చూపించేవాడు. ఆ పేజీల్లో కొన్ని సెక్స్టెంట్ కొలతలు రాసి చెరిపేసి ఉన్నాయి, అయినా చదవగలిగేంతగా మిగిలాయి. వాటికీ అధికారిక నివేదికలోని కొలతలకూ పొంతన లేదు. ఆ తేడా ఆధారంగా డెన్నిస్ రాలిన్స్ అనే పరిశోధకుడు, బర్డ్ ధ్రువానికి సుమారు 240 కిలోమీటర్ల ఇవతలే వెనక్కి తిరిగాడని తేల్చాడు. ఆ తర్వాత అదే యూనివర్సిటీ ఖగోళ శాస్త్రవేత్త జెరాల్డ్ న్యూసమ్ లెక్కల మీద పనిచేసి, బర్డ్ ధ్రువానికి బాగా చేరువగా వెళ్ళి ఉండవచ్చని వాదించాడు.

బర్డ్‌ను అబద్ధాలకోరు అని తేల్చేయడం సులువు. ఆయన పక్షాన ఒక మంచి వాదన ఉంది: సెక్స్టెంట్ లేకుండా, అన్ని గంటల తర్వాత, తిరుగు ప్రయాణంలో ఆయన స్వాల్‌బార్డ్‌ను దారి తప్పకుండా అందుకున్నాడు. అంటే దిశ విషయంలో ఆయన చాలా సమర్థుడు. సందేహమంతా ఎంత దూరం పోయాడన్నదాని మీదే. నా అంచనా, ఇంజన్ నూనె కారుతుంటే, తన ప్రాణంతో పాటు పక్కనున్న మనిషి ప్రాణం గురించీ ఆలోచించి ధ్రువానికి కాస్త ముందే తిరిగిన మనిషి అతను. తిరగడం తప్పు కాదు. కొలతలను చెరిపి, వేరే అంకెలతో నివేదిక ఇచ్చి ఉంటే మాత్రం తప్పే. నోట్‌బుక్ ఒక్కటే సాక్ష్యమైన చోట, చెరిపిన గీత కూడా సాక్ష్యమే అవుతుంది.

నోర్గేను ఎందుకు నమ్మవచ్చు

106 మీటర్ల పొడవు, హైడ్రోజన్‌తో నింపిన పొట్ట, కింద పదహారు మంది, నోబిలే పెంపుడు కుక్క తితీనా. కిటికీ దగ్గర రీసర్-లార్సెన్ సెక్స్టెంట్ పట్టుకుని సూర్యుడి ఎత్తు ముందే లెక్కగట్టిన అంకెకు ఎప్పుడు వస్తుందా అని చూస్తున్నాడు. మే 12న గ్రీనిచ్ సమయం ప్రకారం రాత్రి ఒంటిగంటన్నర ప్రాంతంలో వచ్చింది. వేగం తగ్గించి, కిందికి దిగి, నార్వే, అమెరికా, ఇటలీ జెండాలు విసిరారు. ఆ రోజు ఎల్స్‌వర్త్ పుట్టినరోజు.

ఇక్కడా పరికరాలు అవే, లోపాలూ అవే. తేడా ఏమిటంటే, కొలతలు తీసినవాళ్ళు ఒకరికంటే ఎక్కువమంది. రెండోది ఇంకా ముఖ్యం: వాళ్ళు వెనక్కి తిరగలేదు. కింగ్స్ బే 12 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. ఆ రేఖను ధ్రువం మీదుగా అవతలికి పొడిగిస్తే 168 డిగ్రీల పశ్చిమ రేఖాంశం అవుతుంది, అంటే అలాస్కా పశ్చిమ కొస. నోర్గే పాయింట్ బారో ప్రాంతంలో తీరాన్ని అందుకుని, చివరికి 166 డిగ్రీల దగ్గరున్న టెల్లర్ అనే పల్లెలో దిగింది. బయల్దేరిన చోటు తెలుసు, చేరిన చోటు తెలుసు, మధ్యలో గడిచిన గంటలు తెలుసు. ధ్రువం పరిసరాలను తాకకుండా ఈ లెక్క కుదరదు. అక్షరాలా ధ్రువం మీదుగానే పోయిందా, పది కిలోమీటర్లు పక్కగా పోయిందా అంటే ఎవరూ చెప్పలేరు. కానీ వందల కిలోమీటర్ల సందేహానికి చోటు లేదు.

చివరి భాగం మాత్రం నరకం. పొగమంచు, ఎయిర్‌షిప్ ఒంటికి పేరుకున్న మంచు, ప్రొపెల్లర్ల నుంచి ఎగిరిపడ్డ మంచుముక్కలకు చిరిగిన గుడ్డ, మూగబోయిన రేడియో. దిగాక అముండ్‌సెన్, నోబిలే ఈ విజయం ఎవరిదనే దాని మీద చాలాకాలం బహిరంగంగా తిట్టుకున్నారు. అంత గొప్ప ప్రయాణానికి అది తగని ముగింపు.

ఇంకొక పర్యవసానం ఉంది. కుక్కల బండ్లతో ఉత్తర ధ్రువాన్ని చేరామన్న అమెరికన్ అన్వేషకుల్లో కుక్ మాట 1908 నాటిది, పియరీ మాట 1909 నాటిది. వాటినీ ఇప్పుడు చాలామంది నమ్మడం లేదు. వాళ్ళతో పాటు బర్డ్‌నూ తీసేస్తే, ఉత్తర ధ్రువాన్ని నిస్సందేహంగా చేరిన మొదటి మనుషులు నోర్గేలోని ఆ పదహారు మందే. అందులో అముండ్‌సెన్, ఆస్కర్ విస్టింగ్ 1911లో దక్షిణ ధ్రువం మీద నిలబడ్డవాళ్ళు. రెండు ధ్రువాలనూ చూసిన మొదటి ఇద్దరు వాళ్ళే.

ఆ తర్వాత

1928 ఏప్రిల్‌లో హ్యూబర్ట్ విల్కిన్స్, పైలట్ కార్ల్ బెన్ ఐల్సన్ ఒంటి ఇంజన్ లాక్‌హీడ్ వేగాలో అలాస్కా నుంచి స్వాల్‌బార్డ్‌కు ఇరవై గంటల్లో 3,500 కిలోమీటర్లు ఎగిరారు. ధ్రువాన్ని తాకాలన్న పట్టు లేదు వాళ్ళకు, ఆ దారిలో తెలియని భూమి ఉందేమో చూడడమే లక్ష్యం. రేఖాంశాలు దగ్గరదగ్గరగా చేరే ఆ చోట సూటిగా పోవాలన్నా చూపుదిశను మాటిమాటికీ సరిచేసుకుంటూ పోవాలి. విల్కిన్స్ ఆ లెక్కలన్నీ ఒంటిచేత్తో చేశాడు. అదే ఏడు నవంబరులో ఆ ఇద్దరే అంటార్కిటికాలో మొదటిసారి విమానం ఎగరేశారు.

1928 మేలో నోబిలే 'ఇటాలియా' ఎయిర్‌షిప్‌తో మళ్ళీ ధ్రువం చేరి, తిరిగొస్తూ మంచు మీద కూలాడు. పదిమంది మంచు మీద పడ్డారు, వారిలో ఒకరు వెంటనే చనిపోయాడు. ఎయిర్‌షిప్ పైభాగంతో పాటు గాలిలో కొట్టుకుపోయిన ఆరుగురి జాడ ఇప్పటికీ లేదు. చిన్న రేడియోతో బృందపు రేడియో ఆపరేటర్ బియాజీ పంపిన సందేశాన్ని జూన్ 3న సోవియట్ యూనియన్‌లోని ఒక మారుమూల పల్లెలో నికొలాయ్ ష్మిత్ అనే అభిరుచి రేడియో కుర్రాడు విన్నాడు. వెతకడానికి బయల్దేరిన వాళ్ళలో అముండ్‌సెన్ ఒకడు, నోబిలేతో అంత వైరం ఉండి కూడా. జూన్ 18న ట్రోమ్సో నుంచి లేథమ్ విమానంలో వెళ్ళాడు, 1925 నాటి సహచరుడు దీత్రిక్సన్ తోడుగా. ఆ విమానపు తేలుబుంగ ఒకటి తర్వాత దొరికింది గాని, మనుషులు దొరకలేదు.

దక్షిణ ధ్రువం దగ్గర బర్డ్ పేరు మీద మచ్చ లేదు. 1929 నవంబరు 28, 29 తేదీల్లో ఆ ధ్రువం మీదుగా ఎగిరాడు, నడిపింది బాల్షెన్. కొండల మీదుగా పీఠభూమికి ఎక్కలేక తిండి మూటలు కిందికి విసిరేస్తే గాని విమానం పైకి లేవలేదు. మూడు వేల మీటర్ల ఎత్తైన ఆ చోట అడుగున కదలని భూమి ఉంది, కొండలున్నాయి, దారి పొడవునా ఆష్లీ మెకిన్లీ ఫొటోలు తీశాడు. తర్వాత ఎవరైనా వెళ్ళి పోల్చి చూసుకోవచ్చు. ఉత్తరాన అలాంటి వీలే లేదు.

ఇప్పుడు ఆ దారి విమానాలకు మామూలైంది. 2021 జనవరిలో మహిళా పైలట్లు శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు నడిపిన ఎయిరిండియా విమానం ఉత్తర ధ్రువం మీదుగానే వచ్చింది. ఉపగ్రహాలు చోటును క్షణక్షణం మీటర్ల లెక్కన చెబుతాయి కాబట్టి బర్డ్‌కు ఎదురైన ప్రశ్న వాళ్ళకు లేదు.

అయితే ఆ ప్రశ్నను ఉపగ్రహాల కంటే ముందే ఒక బృందం వేరే దారిలో పరిష్కరించింది. 1937 మే 21న సోవియట్ పైలట్ వదొప్యానొవ్ నాలుగు ఇంజన్ల విమానాన్ని ధ్రువానికి సుమారు 20 కిలోమీటర్ల అవతల మంచు మీద దింపాడు. పపానిన్ నాయకత్వంలో నలుగురు అక్కడ గుడారం వేసుకుని ఉండిపోయారు. సూర్యుడు తిరిగేదాకా ఆగి, తీరిగ్గా, ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు కొలిచారు. సముద్రం లోతు చూస్తే నాలుగు కిలోమీటర్లకు పైనే ఉంది. వాళ్ళ కొలతల్లో రోజురోజుకీ స్థానం మారుతూనే పోయింది, మంచు వాళ్ళను మోసుకుని దక్షిణానికి పోతోంది కాబట్టి. 1938 ఫిబ్రవరి 19న ఓడలు వాళ్ళను ఎక్కించుకునే సరికి ఆ గుడారం ధ్రువం నుంచి రెండు వేల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, గ్రీన్లాండ్ తూర్పు తీరం దగ్గర ఉంది.